ఎడమ పెడల్

ఇటు జరగండి, ఇంకాస్త దగ్గరికి. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి. నేను చెప్పబోయేది ప్రేమ సంగతి, అవతలి గదిలోకి వినబడేలా చెప్పేది కాదు. ఇందులో నేనొక తప్పు చేశాను. అక్కడికి వచ్చినప్పుడు మాత్రం నవ్వకండి. నవ్వారంటే మిగతాది చెప్పను.

నా మనవరాలు పిల్లల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. నడవలేని పిల్లలకు ఒక్కో అడుగూ నేర్పే పని. వాళ్ళ వార్డుకు చక్రాల కుర్చీలు కావాలి. వాటి విరాళాల కోసం పరాయి దేశంలో నలభై ఆరు రోజుల సైకిల్ యాత్ర పెడితే, అందరికంటే ముందు ఇదే పేరిచ్చింది. వార్డులో పిల్లలంతా రంగు టేపు ముక్కల మీద తమ పేర్లు రాసి సైకిల్ కడ్డీలనిండా అతికించారు. "మా పేర్లన్నీ ఆ దేశమంతా తిప్పి, మళ్ళీ తెచ్చి మాకే చూపించాలి అక్కా" అని ఒట్టు వేయించుకున్నారు.

ఇక అబ్బాయి. మా వీధి మలుపులో సైకిల్ షాపు అతనిది. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఎంత సన్నమంటే, సైకిల్ చక్రంలో పుల్లలా ఉన్నాడని వీధి వీధంతా స్పోకు అనే పిలుస్తుంది. కన్నతల్లి కూడా.

విమానంలో పంపాలంటే సైకిల్‌ను విప్పి అట్టపెట్టెలో సర్దాలట. ప్రయాణానికి ముందురోజు స్పోకు మా వరండాలో కూర్చుని ఆ పని మొదలుపెట్టాడు. నా మనవరాలు పక్కనే గొంతుకూర్చుంది.

"ఎలా విప్పుతున్నావో చూపించు."

"నీకెందుకు? తొక్కడం నీ పని, విప్పడం నా పని."

"మరి వచ్చేటప్పుడు? నువ్వొచ్చి విప్పుతావా?"

"ముందు అన్ని రోజులు తొక్కితే కదా మేడమ్! పదో రోజుకల్లా అమ్మో నా కాళ్ళు అంటూ ఏదో బస్సెక్కి వచ్చేస్తావులే."

వాడు వేళాకోళానికే అన్నాడు. కానీ అది లేచి నిలబడింది. "నలభై ఆరు రోజులూ తొక్కుతాను. నా సైకిల్ నేనే విప్పి, నేనే సర్ది తెచ్చుకుంటాను. అంతవరకూ నీతో మాట్లాడను. ఫోన్ కూడా చెయ్యను."

"చెయ్యకు. నేను ఎత్తుతానని ఎవరన్నారు?"

అంతే. ఇద్దరి నోళ్ళకూ తాళాలు పడ్డాయి. మధ్యలో దొరికింది ఎవరు? నేను!

రోజూ సాయంత్రం వాడు నూనె డబ్బా పట్టుకుని వచ్చేవాడు. "మామ్మగారూ, మీ గేటు కీచుమంటోంది, ఓ చుక్క వేసి పోతా." గేటుకు నూనె వేస్తూ వేస్తూ, "ఎక్కడిదాకా వచ్చిందట? అంటే... చైన్ సంగతి అడుగుతున్నా. చైన్ ఎలా ఉందట?" అనేవాడు. నలభై ఆరు రోజుల నూనె తాగి మా గేటు ఎలా తయారైందంటే, పిల్లి తుమ్మినా తెరుచుకునేది.

అదేమో ఫోన్‌లో, "అక్కడ వర్షమా అమ్మమ్మా? ఆ షాపు ముందు పట్టా చిరిగింది కదా, మార్చాడా? తడిసి జలుబు చేస్తే పనివాళ్ళు దొరకరు, అందుకని అడిగా" అనేది. అందుకనేనట!

చివరికి యాత్ర పూర్తయింది. ఏ బస్సూ ఎక్కలేదు మా పిల్ల. మర్నాడే తిరుగు విమానం. విమానం రోజు మధ్యాహ్నం నేను నా చేతికర్ర కింద రబ్బరు ఊడితే వేయించుకుందామని షాపుకు వెళ్ళాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మమ్మా, ఎక్కడున్నావ్?"

"స్పోకు షాపులోనే."

వెంటనే గుసగుసగా, "బయటికి రా. అతను వినకూడదు" అంది.

మెట్టు దిగి వీధిలోకి వచ్చాను. సంగతేమిటంటే, అది విమానాశ్రయంలో నేల మీద కూర్చుని ఉంది. ముందు చక్రం తీసేసింది, హ్యాండిల్ తిప్పేసింది, కుడి పెడల్ కూడా ఊడదీసింది. ఎడమ పెడల్ మాత్రం మొండికేసింది. అది ఊడితేగానీ పెట్టె మూతపడదు. కౌంటర్‌లో అమ్మాయి, "మూతపడని పెట్టె తీసుకోమండీ. ఇంకో నలభై నిమిషాల్లో కౌంటర్ మూసేస్తాం" అని చెప్పేసింది.

"అమ్మమ్మా, దీన్ని ఇక్కడ వదిలేసి వస్తే ఆ పిల్లల ముఖం ఎలా చూడను?" అవతల పానా జారి నేలకు తగిలిన చప్పుడు. "అతన్ని అడుగు. నేను అడిగానని మాత్రం చెప్పకు."

మెట్టెక్కాను. "ఏం నాయనా, ఎవరో అడుగుతున్నారు, ఎడమ పెడల్ ఎలా తీస్తారని."

వాడు చేతిలో పని ఆపాడు. "ఎవరో?"

"ఎవరో ఒకరు."

వాడి పెదాల మీదకు నవ్వొచ్చి ఆగింది. "ఎడమ పెడల్ మరలు తిరగబడి ఉంటాయని చెప్పండి ఆ ఎవరోగారికి. సీసా మూత బిగించేవైపు తిప్పితే ఊడొస్తుంది."

ఇదిగో, ఇక్కడే. నవ్వకండి.

బిగిస్తే ఊడటమేమిటి? డెబ్బై నాలుగేళ్ళుగా సీసాల మూతలు తీస్తున్నదాన్ని, నాకు తెలియదా? పాపం, ఆ ఎవరో ఎవరో తెలిసి వీడి బుర్ర తిరిగింది, ఏం మాట్లాడుతున్నాడో తెలియడం లేదు అనుకున్నాను. మెట్టు దిగేలోపు వాడి తప్పు నేను దిద్దేశాను.

"సీసా మూత విప్పేవైపు తిప్పాలటే!"

"అలాగే తిప్పుతున్నా, రావట్లేదు."

"ఇంకా గట్టిగా తిప్పమన్నాడు." ఈ మాట వాడనలేదు. నేనే కలిపాను.

అక్కడ సామాన్లకు ప్లాస్టిక్ చుట్టే పెద్దాయన ఒకడు జాలిపడి తనూ ఒక చెయ్యి వేశాడట. ఇద్దరూ కలిసి మూలిగారు.

"అమ్మమ్మా, ఇంకా బిగుసుకుంటోందే!"

"ఆపకు, విప్పేవైపే! బలం పెట్టు!" అని వీధంతా వినపడేలా అరిచాను.

వెనక ఏదో కింద పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే గుమ్మంలో స్పోకు, కాళ్ళ దగ్గర నా చేతికర్ర. "మామ్మగారూ! నేనేం చెప్పాను, మీరేం చెబుతున్నారు!"

"నువ్వు తడబడ్డావు కదా అని..."

వాడు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. అందులో స్పీకర్ ఆపడం నాకెప్పుడూ చేతకాదు. కాబట్టి ఆ తర్వాతదంతా నేనూ, పక్కింటి టైలరూ, అటువైపు ప్లాస్టిక్ పెద్దాయనా శుభ్రంగా విన్నాం.

"హలో."

అటు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మాట్లాడకు. ఒట్టు ఉంది కదా, ఉంచుకో. విను చాలు. పానా పిడి వెనక చక్రం వైపు ఉండేలా తగిలించు. అవతలి పెడల్ కడ్డీ కదలకుండా ఎవరినైనా పట్టుకోమను. ఇప్పుడు పిడి మీద కాలు పెట్టి కిందికి తొక్కు."

"...రావట్లేదు."

అదీ నలభై ఏడు రోజుల తర్వాత మొదటి మాట!

"ఎలా వస్తుంది? మీ అమ్మమ్మ ఖండాంతరాల నుంచి బిగించింది కదా. మళ్ళీ తొక్కు. ఏ బస్సూ ఎక్కని కాలేగా అది? ఇంకొక్క తొక్కు!"

టక్కుమంది. పెద్దాయన ఈల వేశాడు. మా టైలర్ చప్పట్లు కొట్టాడు.

"వచ్చేసింది!" అని అరిచి, వెంటనే గొంతు మార్చింది మా పిల్ల. "అంటే రెండు నిమిషాల పని. ఆ రోజే చూపించి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

స్పోకు చెవులు ఎర్రబడ్డాయి. వీధి వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి నేల వైపు చూసి చెప్పాడు. "అన్నీ నేర్పేస్తే... ఇక షాపుకెందుకొస్తావ్?"

అప్పుడే అటునుంచి కౌంటర్ అమ్మాయి గొంతు. "మేడమ్, టైర్లలో గాలి తీశారా?"

"గాలి తియ్యడం నాకు ఒకరు నేర్పక్కర్లేదండీ," అంది మా పిల్ల. ఆ తర్వాత మెల్లగా, "ఏమోయ్, ఈ రెండేళ్ళలో గాలి పోయిందని నీ దగ్గరికి ఎన్నిసార్లు తెచ్చాను?"

"ముప్ఫై ఒకటి."

"చిల్లు ఎన్నిసార్లు దొరికింది?"

"రెండుసార్లే. మిగతాసార్లు ట్యూబ్ నీళ్ళలో ముంచి ముంచి చూశాను, ఒక్క బుడగ వస్తే ఒట్టు..."

"మరి గాలంతా ఎటు పోయిందనుకున్నావ్, తింగరోడా?"

ఫోన్ పెట్టేసింది. వాడు ఆ ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొత్త పట్టా మీద చినుకులు మొదలయ్యాయి. తడుస్తున్నావు లోపలికి రారా అని టైలర్ పిలిచేదాకా వాడికి తెలియనే లేదు.

మర్నాడు ఉదయం విమానాశ్రయానికి నేనూ, మా అమ్మాయీ, స్పోకూ వెళ్ళాం. మా అమ్మాయంటే నా కూతురే, మనవరాలి తల్లి. ఎండకు నల్లబడి, పెట్టె తోసుకుంటూ వచ్చింది మా పిల్ల. అక్కడినుంచి అటే వార్డుకు వెళ్ళాలట, అందుకని సైకిల్ అక్కడే బిగించడం మొదలుపెట్టింది. చక్రం తనే వేసింది. హ్యాండిల్ తనే తిప్పింది. వాడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఎడమ పెడల్ ఒక్కటి నువ్వు వెయ్యి," అని చేతిలో పెట్టింది. "పోనీలే అని."

వాడు కూర్చుని తిప్పాడు. మర పట్టుకోలేదు. మళ్ళీ తిప్పాడు. అప్పుడు చూసుకున్నాడు, వాడు కూర్చున్నది కుడివైపు.

"పుట్టి బుద్ధెరిగాక పెడల్స్ తప్ప ఇంకేం వేశావు నువ్వు?" అంది అది నవ్వాపుకుంటూ. "చేతులెందుకు వణుకుతున్నాయ్?"

"ఇక్కడ ఏసీ ఎక్కువగా ఉంది."

అంతవరకూ నోరు విప్పని మా అమ్మాయి నా చెవిలో, "ఏమ్మా, ఈ అబ్బాయికి అసలు పనొచ్చా?" అంది.

"నిన్న మధ్యాహ్నం వరకూ వచ్చేది," అన్నాను.

అది వాడినోసారి, కూతురినోసారి చూసింది. తర్వాత గట్టిగానే అంది. "ఇదిగో బాబూ, సాయంత్రం మీ అమ్మగారిని తీసుకుని ఇంటికి రా. మా గేటు మళ్ళీ కీచుమంటోంది."

ఆ గేటా! కీచుమనడం అది ఎప్పుడో మరిచిపోయింది.

వార్డులో పిల్లలు తమ పేర్లు వెతుక్కుంటూ సైకిల్‌ను చుట్టేశారు. ఒక్క టేపు మాత్రం దారిలో ఊడితే, మా పిల్ల దాన్ని హెల్మెట్‌కు అతికించి తెచ్చింది. ఆ పేరున్న పిల్లాడికి ఎంత గర్వమో, తన పేరు మాత్రం నెత్తిన పెట్టుకుని తెచ్చిందని.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి. రేపు వీళ్ళకు పుట్టబోయేవాళ్ళు అడిగితే చెప్పాల్సింది మీరే, అప్పటికి నేను ఉంటానో లేదో. అంతా ఉన్నదున్నట్టే చెప్పండి, గేటుతో సహా. ఒక్కచోట మాత్రం నా మాట వినండి. ఆ సీసా మూత దగ్గర, ముసలావిడ తెలియక చెప్పిందని చెప్పకండి. వాళ్ళిద్దరినీ మాట్లాడించడానికే, అంతా తెలిసే అలా చెప్పిందని చెప్పండి.