ఉమాపతి మావయ్య కాల్‌సైన్

రండర్రా, దగ్గరికి జరిగి కూకోండి. ఒరే సూరీ, ఆ కిటికీ మూసి రా.

బొబ్బిలిలో కిరాణా కొట్టు మేడమీద అనూరాధకి ఒక హామ్ రేడియో ఉండేది. పాటలు వినే రేడియో కాదర్రా. లైసెన్సు ఉన్నవాళ్ళు ఊరినుంచి ఊరికి మాట్లాడుకునేది. నేర్పింది నౌపడలో ఉండే ఉమాపతి మావయ్య. పోయిన ఏడు ఆయన కాలం చేశాక ఆయన సెట్టూ, తీగల కొలతల పట్టికలూ, చెదలు కొరికిన హ్యాండుబుక్కూ ఈమెకే వచ్చాయి. బుక్కు మొదటి పేజీలో ఎర్ర పెన్సిలు రాత: "ఎవరు పలికినా ముందు కాల్‌సైన్ అడుగు. ఆ తరవాతే మాట."

కాల్‌సైన్ అంటే గాలిలో మనిషి పేరు. ఒకరిది ఇంకొకరికి ఉండదు. మనిషి పోతే దాన్ని ఆఖరిసారి పిలిచి, జవాబు రాలేదని అందరికీ తెలిశాక "మూసాం" అనడం వాళ్ళ ఆనవాయితీ. మావయ్యకి అలా అనడానికి అనూరాధకి మనసొప్పలేదు.

కార్తీకంలో తుపాను వచ్చింది. తమ్ముడు వెంకటసాయి ఉప్పు లోడుకని వేను వేసుకుని నౌపడ వెళ్ళాడు. మధ్యాన్నానికే చీకటి. ఫోన్లు పోయాయి. గాలిలో మాటలు పట్టే ఏరియల్ తీగ తెగింది. అనూరాధ పట్టిక చూసి కొత్త తీగ కొలిచి, వానలోనే కట్టి, సెట్టు ముందు కూర్చుంది.

"నౌపడ... నౌపడ... ఎవరైనా ఉన్నారా?"

హోరు. గదిలో తడిసిన ఉప్పుగోనెల వాసన. తరవాత, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు ఒక గొంతు.

"నీ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు..."

కాల్‌సైన్ అడగాలి. అడగలేదు.

"మీకు దండం పెడతాను. పంపించెయ్యండి. ఎలాగైనా పంపించెయ్యండి."

"ఎలాగైనానా?"

"ఎలాగైనా."

సెట్టు మూగబోయింది.

దీపాలు పెట్టే వేళకి వెంకటసాయి గుమ్మంలో ఉన్నాడు. వేను లేదు. బయట కుండపోత... చొక్కా మాత్రం పొడిగా ఉంది. తల్లి కమలాదేవి కళ్ళు తుడుచుకుంటూ అన్నం పెట్టింది.

"ఉప్పొద్దమ్మా," అన్నాడు.

"ఉప్పు లోడుకెళ్ళినోడికి ఉప్పు సేదైపోనాదేటిరా!" అని తల్లి నవ్వింది. వాడు నవ్వలేదు. పోయినోళ్ళు ఉప్పు ముట్టరని పెద్దోళ్ళు అంటారర్రా.

ఇందాక పలికింది మావయ్యేమోనని అనుమానమొచ్చి అనూరాధ మేడెక్కింది. మైకు తీసుకుని మావయ్య కాల్‌సైన్ ఆఖరిసారి పిలిచింది. ఆగింది. హోరు తగ్గింది. ఇంక "మూసాం" అనబోయింది.

"అక్కా..."

సెట్టులోంచి. వెంకటసాయి గొంతు.

"నౌపడలోనే ఉన్నానక్కా... నీళ్ళొచ్చేస్తన్నాయి... ఎవరితో మాటాడతన్నావు?"

వెనక మెట్లు కిర్రుమన్నాయి. గుమ్మంలో వెంకటసాయి.

"ఎవరక్కా అది? కట్టెయ్యి."

సెట్టులో ఒకడు. గుమ్మంలో ఒకడు. ఎవడు తన తమ్ముడు? మైకు నొక్కి, ఇందాక అడగాల్సిన మాట ఇప్పుడు అడిగింది.

"నీ... కాల్‌సైన్ సెప్పు."

సెట్టులోంచీ, గుమ్మంలోంచీ, ఒక్కసారే జవాబు వచ్చింది. ఇద్దరూ చెప్పింది మావయ్యదే, ఆమె ఇంకా మూయని కాల్‌సైనే.

...ఇంక లెగండర్రా. మీ అమ్మలు కంచాలు పెట్టేసుంటారు. పోయి అన్నాలు తినండి. పక్కన కూకున్నోడు ఎవడైనా ఉప్పొద్దంటే... రేపు బడికొచ్చి నాకు సెప్పండి.