మంజులత తరఫున

ధర్మవరంలో పొద్దున ఆరు గంటలకు ఆ ఇంట్లో ఫోన్ మోగడం రివాజైపోయింది. వెంకటలక్ష్మమ్మ అప్పటికే రెండు గ్లాసుల్లో కాఫీ పోసి పెట్టేది. ఒకటి తనకు. రెండోది ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ ముందు.

"అమ్మా, మంజులని. రాత్రి అన్నం తిన్యావా?"

"తిన్యానే తల్లీ. యాడుండావు?"

"ఈడనేలేమ్మా."

మంజులత చనిపోయి పన్నెండేళ్లయింది. హిందూపురం పోతూ ఉంటే పెనుకొండ దగ్గర బస్సు బోల్తా పడింది.

రెండు నెలల కిందట రెండో కూతురు వనిత ఒక పిల్లను పంపింది. వనిత హిందూపురం కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెబుతుంది. సొంతవాళ్లకు తాను వైద్యం చేయకూడదంటూ, తన విద్యార్థిని పద్మజను ప్రాక్టికల్స్ కింద, దిగులుతో తిండి మానేసిన అమ్మ దగ్గరికి పంపింది. పద్మజ ఖాళీ కుర్చీ వేసి, "మీ కూతురు ఇందులో ఉండాదనుకోని మాట్లాడవ్వా" అంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ముసలామె నేల మీద పడి ఏడ్చింది. అప్పుడు ఆ పిల్ల నోటి నుంచి సన్నగా వచ్చింది, "అమ్మా" అని.

మంజుల ఈ పిల్ల మీదికి వచ్చిందని వెంకటలక్ష్మమ్మ నమ్మింది. పద్మజ కాదనలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్‌లో ఆ గొంతే పలికేది.

ఒక్క సంగతి మాత్రం ముసలామెను కలవరపెట్టేది. తాను చెప్పినవి తప్ప ఆ గొంతుకు కొత్తగా ఏమీ తెలియదు. చిన్ననాటి ముచ్చటేదైనా అడిగితే ఊపిరి మాత్రం వినిపించేది, చాలాసేపు. చచ్చినోళ్లు మరిచిపోతారేమోలే అని సర్దుకునేది.

ఎందుకంటే, ఎవరికీ చెప్పుకోని మాట ఆ గొంతుకే చెప్పుకుంది. ఆ చివరి రోజు మంజుల గడపలో నిలబడి "పోయొస్తానమ్మా" అంది. తాను మగ్గం దగ్గర కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి ఒక్కొక్కటే అతుకుతూ ఉంది. వేల పోగులు. తలెత్తితే వరస తప్పుతుంది. ఎత్తలేదు.

"పోనీలేమ్మా, నాకు కోపం లేదు" అంది గొంతు. ఆనాటి నుంచే ఆమెకు అన్నం సయించింది.

ఆ శనివారం తెల్లవారకముందే వనిత దిగింది. చేతిలో పద్మజ ప్రాక్టికల్ రికార్డు పుస్తకం. వాకిట్లోనే అన్న తిరుపాల్‌ను నిలదీసింది.

"రోజూ ఫోన్ చేస్తున్నానని ఆ పిల్లే రాసింది. నీకు తెలుసు కదన్నా?"

"నంబరిచ్చిందే నేను. ఏమైతాది? అమ్మ కడుపునిండా తింటాండాది. నీ చదువు పదేండ్లలో చేయలేంది ఆ పిల్ల రెండు నెలల్లో చేసింది!"

"అది వైద్యం కాదన్నా, అబద్ధం. చచ్చిపోయిన మనిషి తరఫున మాట్లాడే హక్కు ఎవరికీ లేదు."

"రూల్సు చెప్పొచ్చినావులే! ఏమమ్మా పంతులమ్మా, రేపు అమ్మ మంచం పడితే నీ రూల్సు గంజి తాపుతాయా?"

లోపల ఫోన్ మోగింది. వెంకటలక్ష్మమ్మ ఆత్రంగా ఎత్తింది.

"అమ్మా, నేనింక రాను" అంది గొంతు. అదే మాట, అదే క్షణంలో, గోడ అవతలి సందులోంచి కూడా వినిపించింది. ముసలామె గోడ వైపు తిరిగింది. "నన్ను మరిచిపో" అన్నాయి రెండు గొంతులూ.

వనిత లోపలికి వచ్చి సందు వైపు తలుపు తీసింది. సందులో పద్మజ, చెవి దగ్గర ఫోన్, చెంపల మీద కన్నీళ్లు. నిజం చెప్పమని వనితే వెంట తెచ్చింది. గడప దాకా వచ్చాక ఆ పిల్లకు ధైర్యం చాలలేదు, సందులో నిలబడి ఫోనే చేసింది.

"నా మీదికి ఎవరూ రాలేదవ్వా. అన్నీ నేనే అన్న్యా. నువ్వు ఏడుస్తాంటే చూడలేకపోయినా."

వెంకటలక్ష్మమ్మ ఫోన్ కింద పెట్టింది.

"కోపం లేదన్న్యావే... అదీ నువ్వేనా?"

పద్మజ తల దించుకుంది.

"తప్పు దీనిది కాదమ్మా, నాది" అంది వనిత. "నేర్పింది సగం, పక్కన ఉండి చూసుకోలేదు. సోమవారం కాలేజీకి అట్లే రాసిస్తా."

"ఉద్యోగం పోతాదేమో పాపా," తిరుపాల్ గొంతు తగ్గింది.

"పోనీ. రేపు ఈ పిల్ల ముందర ఇట్లా ఏడుస్తా ఎంతమంది కూర్చుంటారో."

ముసలామె వనిత చెయ్యి పట్టుకుంది. "అయితే మంజుల నన్ను క్షమించలేదా? నువ్వన్నా చెప్పవే. దాని చెల్లెలివి కదా."

ఒక్క మాట అంటే చాలు, అమ్మ మళ్లీ తింటుంది. వనిత పెదవులు కదిలాయి, ఆగిపోయాయి.

"ఆ మాట నేనూ చెప్పకూడదమ్మా." ఆ ఖాళీ కుర్చీలో కూర్చోకుండా, నేల మీద అమ్మ కాళ్ల దగ్గర కూలబడింది. "ఆ పొద్దు బస్సులోంచి అక్క నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. క్లాసులో ఉండానని ఎత్తలా. నాకూ ఎవరూ చెప్పలేదు, కోపం లేదని."

వెంకటలక్ష్మమ్మ కూతురి ముఖంలోకి తేరిపార చూసింది. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు ఎప్పుడొచ్చాయో తెలియలేదు. ఇన్నేళ్లూ చనిపోయిన బిడ్డ కోసమే చెవులు రిక్కించింది. బతికున్న బిడ్డ వారం వారం వచ్చి ఎదురుగా కూర్చుని పోయింది.

"పన్నెండేండ్లు ఒక్కదానివే మోసినావా, నా తల్లీ!"

తల ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరూ మొదటిసారి కలిసి ఏడ్చారు.