అక్కాచెల్లెళ్ళ పెట్టె

ఆటో మీటరు గట్టెక్కింది. చేపల పడవ రాడారూ గట్టెక్కింది. ఓ పాతకాలపు సెల్‌ఫోను మాత్రం కాసేపు మొరాయించి, ఇందుమతి రెండు తిట్లు తిట్టాక దారికొచ్చింది. కాకినాడ ల్యాబులో బల్లనిండా పరిచిన ఇలాంటి సరుకు మీదే ఆమె తన కొత్త కెర్నెల్‌ని పరీక్షిస్తోంది.

కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో మెమొరీ పంపకాలు చూసే పెద్దమనిషి. మెమొరీని పేజీలుగా విడదీసి ఎవరి వాటా వాళ్ళకిస్తుంది. దానికి ఇందుమతి ఓ పొదుపు నేర్పింది. రెండు పేజీలు ఇంచుమించు ఒకేలా ఉంటే, ఒకటే ఉంచి ఇద్దరికీ అదే చూపిస్తుంది. ఎవరైనా అందులో ఓ ముక్క మారిస్తే, వాళ్ళకు అప్పటికప్పుడు వేరే కాపీ తీసిస్తుంది. వినడానికి ఇంతే! కానీ ఏ డొక్కు యంత్రంలోనైనా బోలెడు చోటు మిగులుతోంది. శభాష్ అనక తప్పని పని.

ఆ చోటు ఇప్పుడు జగన్నాథపురంలో ఉండే ముసలామె భ్రమరాంబకి కావాలి. మతిమరుపు ముదిరినవాళ్ళు చెవి వెనక పట్టీ పెట్టుకుంటారు. జ్ఞాపకాలు ఇంట్లో ఉన్న పెట్టెలోకి చేరతాయి. భ్రమరాంబకీ, ఆమె అక్క కామేశ్వరికీ కలిపి ఒకటే పెట్టె. అది నిండిపోయింది. అందులో వేసే మెమొరీ చిప్‌లు ఇప్పుడెవరూ చెయ్యడంలేదు. కొత్తవాటికి చోటివ్వడానికి పాతవి చెరిగిపోతున్నాయి. నిన్న చెల్లెలు అక్కను చూసి, "ఎవరండీ మీరు?" అంది.

ఇందుమతి వాళ్ళింటికెళ్ళి, పెట్టెలోకి కెర్నెల్ ఎక్కించింది. చోటు మిగిలింది. చెరిగిపోబోయినవి నిలదొక్కుకున్నాయి.

"అక్కా, కాఫీలో పంచదార మర్చిపోయావే?" అంది భ్రమరాంబ.

కామేశ్వరి గ్లాసు కింద పెట్టి భోరుమంది. ఇందుమతికీ కళ్ళు చెమర్చాయి. తన చదువంతా ఈ ఒక్క మాట కోసమే అనిపించింది.

వారం తిరిగాక ఎలా ఉందో చూద్దామని వస్తే, ఇద్దరూ చెరో మూల మౌనంగా కూర్చుని ఉన్నారు.

"ఏమైందండీ?"

"ఏం చెప్పను తల్లీ!" అంది కామేశ్వరి. " చిన్నప్పుడు యానాం రేవులో మాలో ఒకళ్ళం నీళ్ళలో పడితే, ఒకళ్ళం లాగాం. లాగింది నేనంటే నేనని జన్మంతా కొట్టుకున్నాం. ఇప్పుడు ఇద్దరికీ ఈ భ్రమరాంబే లాగినట్టు గుర్తొస్తోంది. ఇంక మాట్లాడుకోడానికేముంది?"

ఇందుమతి నాలిక్కరుచుకుంది. ఇంచుమించు ఒకేలా ఉన్న ఆ రెండు జ్ఞాపకాల పేజీలనూ కెర్నెల్ ఒకటి చేసేసింది.

"కెర్నెల్ తీసెయ్యమంటారా?"

"అమ్మో, వద్దు! మళ్ళీ ఇది నన్నెవరంటుంది," అని కామేశ్వరి చెల్లెలి వైపు తిరిగింది. "అయినా నువ్వు లాగడమేమిటే? నీ జడ పట్టుకుని లాగింది నేను!"

"అబ్బో! ఆ వేసవిలో నాకు జడెక్కడిది? గుండు చేయించారుగా!"

మాట మారేసరికి, ఇందుమతి లాప్‌టాప్ తెర మీద ఆ ఒక్క పేజీ రెండయింది. ఆటో మీటరులో కూడా ఇంత శుభ్రంగా విడిపోలేదు. ఆ వెంటనే పెళ్ళిలో దాచిన లడ్డూల గొడవ మొదలైంది. పేజీలు వరసగా విడిపోతున్నాయి, చోటు తరిగిపోతోంది.

"అమ్మా, నెమ్మది! ఇలాగైతే పెట్టె మళ్ళీ నిండిపోతుంది. మళ్ళీ మర్చిపోతారు!" అని మొత్తుకుంది ఇందుమతి.

"మర్చిపోనీ. ఎవరండీ మీరంటే, నిన్ను నీళ్ళలోంచి లాగినదాన్నని చెప్తాను," అంది కామేశ్వరి.

"చెప్పు చూస్తా!" అంటూ భ్రమరాంబ కుర్చీ దగ్గరికి లాక్కుంది.