నెల తప్పిన నెమలి

"ఈరోజే బాటిళ్లు మార్చేస్తారని ఉప్పందింది," అన్నాడు చీఫ్. "పది నలభైకి డోసు. నీ చేతిలో ఉన్నది గంట."

ఏజెంట్ ముంగిస ఫైల్ తెరిచింది. ఓ అడవి తీగ వేరు నుంచి తీసిన పసుపు పొడి. నెలసరిని అస్తవ్యస్తం చేసే పీసీఓఎస్‌కి అది పనికొస్తుందో లేదో తేల్చడానికి అరవై మంది మీద ట్రయల్ నడుస్తోంది. దాని మీద ఓ విదేశీ ముఠా కన్ను పడింది. క్యాప్సూల్స్‌లో విషం కలిపి, నలుగురి లివర్లు పాడుచేసి, ట్రయల్ మూయించి, ఆనక పేటెంట్ తామే కొట్టేయాలని ప్లాన్.

"లోపల పేషెంట్ వేషంలో మన మనిషి నెమలి ఉంది. పుట్టి పెరిగింది ఇక్కడే. ఆవిడ చెప్పినట్టు నడుచుకో."

ముంగిస తలూపింది. పేషెంట్ల జాబితాలో ఒకటో నంబర్ తన సొంత చెల్లెలు. పెళ్లై ఆరేళ్లు. నెలసరి ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. గడ్డం మీద వెంట్రుకలు పీక్కుంటూ "నేను ఆడదాన్నేనా అక్కా?" అని ఏడ్చిన పిల్ల. అక్క బ్యాంకులో పనిచేస్తోందని నమ్మే పిచ్చి మొహం.

పది ముప్పైకి ముంగిస మాస్కు పెట్టుకుని, హౌస్‌కీపింగ్ యూనిఫాంలో వెయిటింగ్ హాలు తుడుస్తోంది. జేబులో పెన్ను. క్యాప్సూల్‌కి ఆనిస్తే, విషముంటే ఎర్రగా వెలుగుతుంది.

పట్టుచీరలో మెరిసిపోతున్న ఒకావిడ కాళ్లు పక్కకి తీసింది. "ఈ నేల ఎప్పటికి ఆరుతుందో."

కోడ్ వర్డ్. "ఎండ పడ్డాకేనమ్మా," అంది ముంగిస.

"ఫార్మసిస్టు మీదే అనుమానం," గొణిగింది నెమలి. "స్టోర్ రూంలో ఉన్నాడు. పరిగెత్తు."

ముంగిస కదలబోతుంటే నర్సు రిజిస్టరుతో వచ్చింది. "మీ డేట్లు ఎలా ఉన్నాయండీ?"

"ఏం చెప్పమంటారు సిస్టర్," నిట్టూర్చింది నెమలి. "ఈ ఒక్క ఏడాదిలో ఐదుసార్లు నెల తప్పాను."

నర్సు చెయ్యి ఆగిపోయింది. "ఏడాదిలో ఐదుసార్లా?" పక్క కుర్చీలో ఎవరో కిసుక్కుమన్నారు.

ముంగిసకి మాత్రం నవ్వు రాలేదు. నెల తప్పడమంటే కడుపు పండటమని ఊడ్చేవాళ్ల దగ్గర్నించి డాక్టరు దాకా అందరికీ తెలుసు. నెలసరి రాలేదని చెప్పడానికి డిక్షనరీ ముందేసుకుని మాటకి మాట పేర్చుకున్నవాళ్లకే తెలియదు. పుట్టి పెరిగింది ఇక్కడేనట, నా మొహం. ఇది వాళ్ల మనిషి. తనని స్టోర్ రూంకి తోలుతోందంటే, డోసు గదిలో పని ఎప్పుడో అయిపోయిందన్నమాట.

మాప్ కర్రతోనే డోసు గదిలోకి దూసుకెళ్లింది. పది నలభై. చెల్లెలు అప్పటికే నోరు తెరిచింది. ముంగిస ఆ చేతి మీద ఒక్కటేసింది. కిందపడి దొర్లిన క్యాప్సూల్‌కి పెన్ను ఆనించింది.

ఎరుపు.

"ఎవరూ మింగొద్దు," అంటూనే వెనక్కి తిరిగింది. గుమ్మంలో నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీస్తోంది. మాప్ కర్ర మణికట్టు మీద పడేసరికి పిస్టల్ బల్ల కిందికి పోయింది.

చెల్లెలు మాస్కు పైనున్న కళ్లనే చూస్తోంది. "అక్కా? బ్యాంకు ఉద్యోగం పోయిందా?"

కొత్త బాటిళ్లతో ట్రయల్ మళ్లీ మొదలైంది. చెల్లెలికి ఇస్తున్నది తీగ మందో, పోల్చి చూడటానికిచ్చే ఉత్త పిండో, రూలు ప్రకారం డాక్టరుకి కూడా తెలియదు. చెల్లెల్ని కాపాడింది పిండి మింగడానికేనా అన్న బెంగ ముంగిసని తినేస్తూనే ఉంది. నాలుగు నెలలకి ఫోన్ మోగింది.

"అక్కా," అంది చెల్లెలు, "నెల తప్పాను."

ముంగిస గబుక్కున లేచి నిలబడింది. "సరిగ్గా చెప్పవే. మన భాషలోనా, ఆ నెమలి భాషలోనా?"