బెల్లు కొడితే ఆరిన స్టార్

సూర్యప్రభ తీతు ఇంటి గేటు పక్కనున్న బెల్లు నొక్కింది. వాకిలి మీద వెలుగుతున్న క్రిస్మస్ స్టార్ మెల్లగా మసకబారి ఆరిపోయింది.

తీతు దగ్గర ఇంతకంటే మర్యాద ఆమె ఆశించనూ లేదు. తెలంగాణ ఉద్యమం మళ్లీ ఊపందుకున్న డిసెంబరు అది. ఫైనలియర్ ప్రాజెక్టులో ఇద్దరూ పార్ట్‌నర్లు. అతనేమో ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఊరేగింపుల్లో, తనేమో ల్యాబ్‌లో ఒంటరిగా. ఒళ్లు మండి, పార్ట్‌నర్‌ని మార్చమని లెటర్ రాసేసింది. అతని సంతకం ఒక్కటే తక్కువ. బంద్ వల్ల బస్సుల్లేవు. సంతకం కోసం వస్తున్నానని ఫోన్ చేసి మరీ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి సైదాబాద్ దాకా నడిచొచ్చింది.

"నేనొస్తే లైటార్పేస్తావా?"

ఒళ్లో ల్యాప్‌టాప్‌తో స్టూలు మీదున్న తీతు ముఖం కూడా ఆరిపోయింది. "అయ్యో, ఆరొద్దు! ఎట్లైంది గిట్ల?"

అతని తల్లి ఎస్తేరమ్మ కజ్జికాయల్లాంటి గరిజెల పళ్లెంతో బయటికొచ్చింది. "సూర్యప్రభవు నువ్వేనా బిడ్డా? పొద్దుగాల్నుంచి ఒకటే లొల్లి. నువ్వు బెల్లు కొడితే స్టార్ ఫుల్లు వెలగాల్నంట!"

"అమ్మా! జర ఊకో!"

కోపం రావాల్సిన చోట సూర్యప్రభకు నవ్వొచ్చింది. దాన్ని దాచుకోవడానికి గబగబా వైర్ల మీదికి వంగింది.

"ఎల్ఈడీల ప్లస్ కాళ్లు సప్లైకి, మైనస్ కాళ్లు ప్రోగ్రామ్ నడిపే ఈ బోర్డుకి ఇచ్చావు. బోర్డు ఎంతసేపు ఆన్‌లో ఉంటే ఇవి అంతసేపు ఆరిపోతాయి. అంతా తలకిందులు!"

సంచిలోంచి చేతికందిన కాగితం తీసి, దాని వెనక బొమ్మ గీస్తూ పాఠం మొదలుపెట్టింది.

"ల్యాబ్‌కొస్తే తెలిసేది. సెకనుకి వందలసార్లు వెలిగించి ఆర్పుతాం. వెలిగే సేపు ఎక్కువైతే కాంతి ఎక్కువ, తక్కువైతే మసక. నీలాగే. ఆరు రోజులకి ఒక్కరోజు వస్తావు. పదహారు శాతం!"

"వచ్చిన్నాడు ఫుల్లుగనే వెలిగిన గదా?"

ఆమె బొమ్మలో ఇంకో గీత గీసింది.

"అరవై తొమ్మిది ఉద్యమంల మా తాతకు ఏడాది చదువు పోయింది. నాకు ల్యాబులే పోయినయ్, దానికి బాధ లేదు." తీతు గొంతు తగ్గింది. "నువ్వు గూడ పోతవంటేనే భయమైతుంది."

"ఇంకో పార్ట్‌నర్ దొరక్కపోరులే."

"పార్ట్‌నర్ కోసం గింత పరేషాన్ ఎవడైతడు? నువ్వంటే నాకిష్టం, ప్రభా."

సూర్యప్రభ చెవులు ఎర్రబడ్డాయి. ల్యాప్‌టాప్ లాక్కుని ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క లైనుని తలకిందులు చేసింది. తర్వాత నేరుగా గేటు దాకా నడిచి, మళ్లీ బెల్లు నొక్కింది.

స్టార్ కాంతి మెల్లమెల్లగా పెరిగి, వాకిలంతా నిండింది. ఎస్తేరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తీతు మాత్రం దిగాలుగా పెన్ను తీశాడు.

"లెటర్ తే. సంతకం ఎక్కడ పెట్టాలె?"

ఆమె కాగితాన్ని తిప్పి చూపించింది. ఒకవైపు లెటర్, రెండోవైపు నిండా సర్క్యూట్.

"ఇలాంటిది సార్‌కి ఎలా ఇస్తాను? రేపు తొమ్మిదికల్లా ల్యాబ్‌లో ఉండు."

"బస్సుల్లేకుంటే?"

సూర్యప్రభ ఒక గరిజె అందుకుని నవ్వింది. "నడిచి రా. నేను రాలేదూ?"