స్క్రీన్ మీద డెబ్బై రెండు

చెంగల్రాయన్ గుండె ఆగిపోయింది. నర్సు బల్ల మీదున్న స్క్రీన్‌లో మాత్రం అది నిమిషానికి డెబ్బై రెండు సార్లు కొట్టుకుంటూనే ఉంది.

ఆయుధపూజ రోజు. పుదుచ్చేరి టౌన్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. సాయంత్రం ఆరున్నరకు పూజ ముగిసింది. ఏడుంబావుకు డాక్టర్ నరేంద్రన్ రౌండ్స్‌కి వచ్చి గది తలుపు తీశారు. గుండె జబ్బుతో అక్కడ చేరిన బాహూరు రైతు చెంగల్రాయన్ ప్రాణం అప్పటికే పోయింది.

కంప్లైంట్ ఇచ్చింది ఆయన కూతురు అనుప్రియ. అదే ఆసుపత్రిలో రిసెప్షనిస్టు.

"మా నైనా చావుకి కారణం ఎవరైనా సరే, వదలొద్దు సార్. జైల్లో పెట్టండి."

నర్సు లోగనాయకి డ్యూటీలో ఫోన్ చూస్తూ కూర్చుందని అందరూ తేల్చేశారు. ఆమె ఉద్యోగం ఊడింది. ఇక అరెస్టు ఒకటే మిగిలింది.

సబ్-ఇన్‌స్పెక్టర్ వీరరాఘవన్‌కి మాత్రం ఆ డెబ్బై రెండు మింగుడుపడలేదు. మురుంగపాక్కంలో నర్సు ఇంటికే వెళ్లాడు.

"స్క్రీన్ చూసినావా, లేదా?"

"చూస్తానే ఉన్నాను సార్. డెబ్బై రెండే చూపించింది. బాగుండాడని నమ్మినాను."

"అంతసేపూ ఒకే నంబరా?"

"అది గమనించలేదు సార్."

"గదిలో అలారం మోగలేదా?"

"ఏసీ గది, తలుపు మూసి ఉన్నింది. కింద పూజ సందడి. యాడ వినబడతాది?"

"ఆ టైంలో వేరే ఏదైనా చెడిందా?"

"నెట్ పోయింది సార్. అది ఎప్పుడూ పోయేదే."

తర్వాతి వంతు ప్రభుది. ఆసుపత్రి నెట్‌వర్క్ పనులు చూసేది అతనే.

"రౌటర్ ప్రాబ్లం సార్. మర్నాడు వచ్చి సరిచేసినాను."

"రౌటర్ పనేంది?"

"లోపలి నెట్‌వర్క్‌ని బయటి నెట్‌వర్క్‌తో కలుపుతాది."

"మరి బెడ్ దగ్గరి మానిటర్ నుంచి నర్సు స్క్రీన్‌కి?"

"అది లోపలి పని. స్విచ్ అనే డబ్బా చూసుకుంటాది. ఏ మెషీన్ వైరు ఏ రంధ్రంలో, అంటే ఏ పోర్టులో ఉండాదో దానికి తెలుసు."

"అంటే రౌటర్ చెడినా నర్సు స్క్రీన్ ఆగకూడదు. ఎందుకాగింది?"

ప్రభు చూపు బయట నిలిపిన తన బండి వైపు పోయింది.

"నువ్వు సరిచేసింది ఏంది ప్రభూ?"

"ఒక కేబుల్ పీకేసినాను సార్. నా బండి డిక్కీలో ఉండాది."

వీరరాఘవన్ ఆ కేబుల్ రెండు కొసలనూ వెలుతురులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇది తనకు తెలియకపోయినా బాగుండేదనుకున్నాడు.

మర్నాడు డాక్టర్, లోగనాయకి, ప్రభు, అనుప్రియ నలుగురినీ రిసెప్షన్ దగ్గరికి పిలిపించాడు. వెనక గోడకే స్విచ్ ఉంది.

"ఈ కేబుల్ ఒక కొస ముందునుంచీ స్విచ్‌లోనే ఉండాది. రెండో కొస వేలాడతా ఉన్నింది. లాప్‌టాప్ కోసం ప్రభు వదిలేసినాడు. పూజ రోజు ఎవరో ఆ కొసను కూడా ఇదే స్విచ్‌లో, ఖాళీగా ఉన్న ఏడో పోర్టులో పెట్టినారు. దీన్ని లూప్ అంటారు. అందరికీ అని స్విచ్ పంపే ప్రతి మెసేజీ ఇటు బయటికి పోయి అటు లోపలికి వస్తాది. మళ్లీ పోతాది. ఒకటి లక్షలవుతాది. దారంతా మూసుకుపోతాది. నర్సు స్క్రీన్‌కి కొత్త నంబర్ అందలేదు. పాతదే నిలబడిపోయింది."

డాక్టర్ వైపు తిరిగాడు. "లూప్‌ని పసిగట్టి ఆపే స్విచ్‌లు ఉండాయి సార్. మీరు చవకది కొన్నారు. పేషెంట్ మానిటర్లూ బిల్లింగ్ కంప్యూటర్లూ దాంట్లోనే పెట్టించినారు."

డాక్టర్ నరేంద్రన్ కళ్లజోడు తుడుచుకున్నారు.

"పెట్టింది ఎవరు సార్?" అనుప్రియ కోపంగా ముందుకొచ్చింది.

తెలియదని చెప్పేద్దామనిపించింది వీరరాఘవన్‌కి. కానీ ఎదురుగా లోగనాయకి నిలబడి ఉంది. అతను కేబుల్ పైకెత్తాడు. ఒక ప్లగ్ శుభ్రంగా ఉంది. రెండోదాని మీద ఎండిన గంధం, కుంకుమ.

"మెషీన్లకి బొట్లు పెట్టింది ఎవరమ్మా?"

అనుప్రియ తన కుడిచేతి వేళ్లు చూసుకుంది.

"నేనే." స్విచ్ వైపు చూపించింది. "వైరు వేలాడతా ఉన్నింది సార్. పూజనాడు అట్ల ఉండకూడదని ఖాళీగా ఉన్న దాంట్లో పెట్టినాను. లైట్లన్నీ గబగబా వెలిగినాయి. దేవుడికి పూజ అందిందనుకున్నాను. నైనా మిషనుకు ఏమీ కాకూడదని మొక్కుకున్నాను కూడా."

ముందుగా తేరుకున్నది డాక్టరే.

"తెలియక జరిగింది, పాపం. కంప్లైంట్ వాపసు తీసుకోమ్మా. అందరికీ మంచిది."

అందరికన్నా ఆయనకే ఎక్కువ మంచిది.

నిర్దోషినని తేలినా లోగనాయకికి సంతోషం కలగలేదు. దగ్గరికి వచ్చి అనుప్రియ చెయ్యి పట్టుకోబోయింది. అనుప్రియ ఆ చేతిని వెనక్కి దాచుకుంది.

"వాపసు వద్దు సార్. నేను చెప్పింది చెప్పినట్లే ఉండనీయండి. లోగనాయకి అక్క పేరు కొట్టేసి నా పేరు రాయండి."

వీరరాఘవన్ జేబులోంచి పెన్ను తీయలేకపోయాడు. ఆమె ఎదురుచూస్తూ అక్కడే నిలబడింది.