ఏడో బోరు, నూట పన్నెండు మీటర్లు

"షెడ్డు మెట్ల మీద జారిపడ్డాడని రిపోర్టు," అన్నాడు చీఫ్ ఫైలు మూస్తూ.

"ఆయన మెట్లెక్కడు సార్. మోకాళ్లు అరిగిపోయి ఆరేళ్లయింది."

చీఫ్ తలెత్తి చూశాడు. ఏజెంట్ తొమ్మిది ముఖంలో ఏ భావమూ లేదు. పోయిన ముసలి జియాలజిస్ట్ అతనికి సొంత బాబాయి. అంత్యక్రియలయ్యాక పిన్ని చేతిలో పెట్టిన రాయి ఇంకా జేబులోనే బరువుగా ఉంది. బాబాయి బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న రాయి.

"సెలవు కావాలా?"

"పని కావాలి."

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. నలభై ఏళ్ల కిందట బాబాయి ఒక గుట్ట మీద పన్నెండు బోర్లు వేయించాడు. ఏడో బోరులో రాగి దండిగా పడింది. తర్వాత ప్రభుత్వాలు మారి ఆ పని అటకెక్కింది. ఈమధ్య పాత రిపోర్టులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. గుట్ట వట్టిదని తేల్చి తొంభై తొమ్మిదేళ్ల లీజుకు కొట్టేయాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. రేపు ప్రభుత్వ కమిటీ, ఆ బోర్లలోంచి తీసిన రాళ్లు దాచిన షెడ్డుకు వచ్చి, వాటిని చూసి, పదకొండింటికి లీజు మీద సంతకం పెడుతుంది.

"ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ మర్చిపోకు."

మర్నాడు ఏజెంట్ తొమ్మిది ఖాకీ చొక్కాలో, నీళ్ల డబ్బాతో షెడ్డులో ఉన్నాడు. తడిపితేనే రాయి రంగు తేలుతుంది. తడిపేవాడి ముఖం ఎవరూ చూడరు. రేకుల కప్పు కింద వరసగా పొడవాటి పెట్టెలు. వాటిలో గుండ్రటి రాతికడ్డీలు, నిలువునా చీల్చినవి. సగం ల్యాబుకు పోతుంది, సగం పెట్టెలో ఉంటుంది.

ముఠా తరఫున వచ్చిన నల్ల కళ్లద్దాల కన్సల్టెంటు పక్కన ఆగింది. ముందు సెంటు వాసన, తర్వాత ప్రశ్న.

"రాయి రుచి చూశావా?"

"వగరుగా ఉందమ్మా."

కోడ్ కలిసింది. ఆమె పెదవులు కదపకుండా చెప్పింది: "రాళ్లు మార్చేశారు. అసలువి ఎక్కడో పూడ్చారు. మీ ముసలాయన కనిపెట్టాడు. నేను చేరేసరికి ఆలస్యమైంది."

"రుజువు?"

"లేదు."

పది యాభై ఎనిమిది. "ఏడో బోరు, నూట పన్నెండు మీటర్ల లోతు," అన్నాడు ముఠా తెచ్చిన బట్టతల ఎక్స్‌పర్ట్, ఒక చేయి కోటు జేబులోంచి తీయకుండానే. "చూశారుగా, వట్టి రాయి."

కమిటీ చైర్మన్ పెన్ను తీశాడు.

తొమ్మిది నీళ్లు చల్లాడు. చీల్చిన ముఖం అద్దంలా మెరిసింది. అతని చేయి ఆగిపోయింది. రంపం కోత. నలభై ఏళ్ల కిందట ఇక్కడ రంపం లేదు. బాబాయి ఉలీ సుత్తీ పెట్టి చీల్చేవాడు. సుత్తి దెబ్బ తిన్న ఆయన ఎడమ బొటనవేలికి గోరు మళ్లీ రానేలేదు.

"ఒక్క నిమిషం సార్."

"నీళ్లు చల్లేవాడివి, నీకెందుకయ్యా ఇదంతా?" అన్నాడు ఎక్స్‌పర్ట్.

తొమ్మిది జేబులోంచి రాయి తీశాడు. పక్కన వెలిసిన ఎర్ర రంగులో బాబాయి అంకెలు: ఏడు, నూట పన్నెండు. గరుకు ముఖం నిండా రాగి ఖనిజం పచ్చగా మెరుస్తోంది.

"ఇది ల్యాబుకెళ్లి వచ్చిన సగం సార్. పెట్టెలోది మిగతా సగమైతే రెండూ అతకాలి."

చైర్మన్ రెండూ కలిపి చూశాడు. తిప్పి చూశాడు. ఒకటి గరుకు, ఒకటి నునుపు. పెన్ను జేబులో పెట్టేశాడు.

ఎక్స్‌పర్ట్ చేయి పిస్టల్‌తో బయటికొచ్చింది. అప్పటికే అతని మెడకు చల్లగా ఏదో తగిలింది.

"ఇది లిప్‌స్టిక్ కాదండీ, పిస్టలే," అంది కన్సల్టెంటు. "మీరే కొనిచ్చారు, మర్చిపోయారా?"

సాయంత్రం చీఫ్ చేయి చాపాడు. "ఆ రాయి ఎవిడెన్స్. ఇక్కడ పెట్టు."

తొమ్మిది పెట్టాడు. చేయి మాత్రం వెంటనే తీయలేదు.

"కేసయ్యాక తిరిగిచ్చేయాలి సార్. ఫ్యాను వేస్తే బాబాయి బల్ల మీద కాగితాలు నిలవడం లేదంటోంది పిన్ని."